డయాలసిస్‌కు పోతే దేవుణ్ణి నమ్మనట్టేనా? నాన్న అడుగుతున్నాడు

చీనీతోట (తాడిపత్రి వైపు)

అందరికీ వందనాలు. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదలు. పొడుగైతే ఏమనుకోవద్దు, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక రాస్తున్నా.

మాది తాడిపత్రి వైపు పల్లె. చీనీ (బత్తాయి) తోట ఉండేది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయినాయి, ఆఖరిది ఎనిమిది వందల అడుగులు దించినా దుమ్మే లేచింది, ట్యాంకర్లతో నీళ్ళు తోలి కొన్నాళ్ళు చెట్లను నిలబెట్టుకున్నాం, తర్వాత ట్యాంకరు బాడుగకు కూడా అప్పే తేవాల్సి వచ్చింది. పోయిన ఎండాకాలం నాన్న చెట్లన్నీ కొట్టించి కట్టెల కింద అమ్మేశాడు. తూకం వేసి డబ్బులు చేతిలో పెడితే లెక్క కూడా పెట్టుకోకుండా అమ్మకు ఇచ్చేసినాడు, మామూలుగా ఒకటికి రెండుసార్లు ఎంచే మనిషి.

ఆ తర్వాతే కాళ్ళు వాయడం మొదలైంది. షుగరు, బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి, పైగా ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఏండ్ల తరబడి మింగినాడు. రెండు కిడ్నీలూ పోయినాయన్నారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు అనంతపురంలో డయాలసిస్. నేను అక్కడే మొబైల్ షాపులో పని చేస్తా కాబట్టి పొద్దున బస్టాండు నుంచి తీసుకుపోయి పడుకోబెట్టి షాపుకు పోయి మళ్ళీ మధ్యాహ్నం వస్తా.

అసలు సంగతి ఇది. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థనకు బయటి ఊరినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చినాడు. మా పాస్టరయ్య ఆరోజు ఊర్లో లేడు. ఆ వచ్చినాయన మా నాన్న తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, అందరి ముందరా, "అయ్యా, మీరు మిషన్ని నమ్ముతున్నారా, దేవుణ్ణి నమ్ముతున్నారా? ఇంట్లో ఎక్కడో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే స్వస్థత ఆగింది" అన్నాడు. అమ్మ అప్పటినుంచి ఏడుపే. ఏ పాపమో అని నలభై ఏండ్ల కిందటివి కూడా తవ్వుకుంటా ఉంది. నాన్న ఏమీ అనలేదు, రాత్రి పడుకునేముందు మాత్రం "రేపు పోకుంటే ఏమైతుందిరా? పోతే నమ్మనట్టే కదా" అన్నాడు. ఇంకోసారి "నేను పోతే మీకు ఖర్చన్నా తగ్గుతుంది" అన్నాడు.

నాకు ఆ ప్రసంగీకుని మీద కోపం, నిజం చెప్పాలంటే దేవుని మీద కూడా కోపమే. గుడికి ఇవ్వాల్సిన పదోవంతు ఎగ్గొట్టని మనిషి మా నాన్న, తోట బాగా కాసిన ఏడు మొదటి కోత గుడికే ఇచ్చినాడు. అలాంటి ఆయనకు ఇదా? కష్టాల్లో దేవుణ్ణి నమ్మాలి అని అందరూ అంటారు, నమ్మడం అంటే ఏం చేయడమో ఎవరన్నా చెప్పండి. నవ్వుతూ ఉండటమా? మిషన్ మానేయడమా?

---

కర్నూలు సిస్టర్

తమ్ముడూ, మిగతావాళ్ళు వాక్యం చెప్తారు, నేను ముందు ఈ మాట చెప్తాను: డయాలసిస్ ఒక్కసారి కూడా మానిపించొద్దు. నేను నర్సును, ఈ వార్డులోనే ఏండ్లుగా పని చేస్తున్నాను. కిడ్నీలు పనిచేయని మనిషికి ఒంట్లో నీళ్ళు బయటికి పోయే దారి ఆ మిషన్ ఒక్కటే. మానితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, పడుకుంటే ఊపిరాడదు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. రెండు మూడు రోజుల్లోనే ముంచుకొచ్చిన కేసులు చూశాను. "ఏమైతుంది" అని అడిగాడు కదా నాన్న, ఇదే అవుతుంది.

ఇంకోటి, మీది చీనీ తోట అన్నావు కాబట్టి చెప్తున్నా. చూడటానికి వచ్చేవాళ్ళు చీనీకాయలు, అరటిపండ్లు, కొబ్బరిబోండాలు తెస్తారు, ప్రేమతోనే తెస్తారు, డయాలసిస్ మనిషికి అవే పనికిరావు, అన్నిట్లో పొటాషియం ఎక్కువ. కొబ్బరినీళ్ళు అసలే వద్దు. తాగే నీళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు, మజ్జిగ, చారు, కాఫీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపినది) పెట్టిన చేతికి బీపీ చూడనీయొద్దు, ఆ చేత్తో బరువు మోయనీయొద్దు.

వాక్యం ఒక్కటి నేను కూడా చెప్తా, ఎందుకంటే ఇది మా వార్డులో చాలామందికి చెప్పాల్సి వచ్చింది. యెషయా 38లో హిజ్కియా రాజు చావు దాకా పోయి ఏడ్చి ప్రార్థన చేస్తే, నీ ఆయుష్షు ఇంకా 15 ఏండ్లు పెంచుతాను అని దేవుడే మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా ఏం చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టండి అన్నాడు. దేవుడు మాట ఇచ్చాడు కదా ఇంక కట్టెందుకు అని అక్కడ ఎవరూ అనలేదు. నాన్నకు ఈ అధ్యాయం నువ్వే చదివి వినిపించు.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కిందే చేయిస్తున్నారు కదా? డయాలసిస్ వాళ్ళకు నెల నెలా పింఛను కూడా ఉంది, సచివాలయంలో అడుగు, ఆసుపత్రి నుంచి కాగితం కావాలి. కిడ్నీ మార్పిడికి నాన్న ఒళ్ళు తట్టుకుంటుందని డాక్టరు అంటే జీవన్‌దాన్‌లో, అంటే అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే పథకంలో, పేరు రాయించే సంగతి కూడా అడగండి.

"నేను పోతే ఖర్చు తగ్గుతుంది" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తోట పోయింది, ఒంట్లో శక్తి పోయింది, అప్పులున్నాయి, ఆ పైన నీకు విశ్వాసం లేదు అన్నారు. మనసులో ఏముందో సూటిగా అడుగు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగకపోతేనే లోపల ఉండిపోతుంది. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే ఈరోజే తీసేయ్. 14416 టెలీమానస్ నంబరు, మనసు బాగలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టింది, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. నీకు భారంగా ఉన్నా నువ్వూ చేయొచ్చు.

---

పాత సంఘం (కడప)

బాబూ, సిస్టర్ గారు చెప్పింది మొదట చెయ్యి. నేను రిటైరైన పాస్టరును. నువ్వు అడిగింది చిన్న ప్రశ్న కాదు, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

"ఇంట్లో పాపం ఉంది, అందుకే" అన్న మాట కొత్తది కాదు. యోబు దగ్గరికి వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు అదే అన్నారు, ఎంతో భక్తిగా, వినడానికి ఎంతో సొంపుగా. ఆఖరు అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో చూడు. నన్ను గురించి మీరు సరిగా మాట్లాడలేదు అని ఆ స్నేహితులనే గద్దించాడు. పుట్టిన రోజును శపించుకుని, దేవుణ్ణే నిలదీసిన యోబును మాత్రం నా సేవకుడు అన్నాడు. పైగా మీకోసం యోబే ప్రార్థన చేయాలి పొండి అన్నాడు. మరి ఆ ముగ్గురూ ఒక్క పని మాత్రం బాగా చేశారు, అది మొదట్లో చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. ఈ సంగతి ప్రతి ప్రసంగీకుడూ ఇల్లు దాటే ముందు ఒకసారి చదువుకుని బయలుదేరితే బాగుండును అనిపిస్తుంది నాకు.

యేసుప్రభువును కూడా ఇదే అడిగారు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, వీడు చేశాడా పాపం, వీని తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదు అన్నాడు. లూకా 13లో సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి తనే ఎత్తాడు. వాళ్ళు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళకంటే ఎక్కువ దోషులు అనుకుంటున్నారా, కాదు అని తనే జవాబు చెప్పాడు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ కూడా కొందరు ఇలాగే ప్రసంగాలు చేశారు, ఆ ఊళ్ళ పాపం అని. ఆ నీళ్ళలో పోయినవాళ్ళు మనకంటే చెడ్డవాళ్ళా? అలా అనడానికి నోరెలా వస్తుందో తెలియదు. మీ అమ్మగారికి చెప్పు, నలభై ఏండ్లవి తవ్వుకోవద్దని. ఒప్పుకోవాల్సింది ఉంటే దేవునికి చెప్పుకుంటే సరిపోతుంది, దానికీ కిడ్నీకీ లెక్క ముడిపెట్టొద్దు.

ఇక నీ కోపం. కీర్తన 13 తెరువు, "యెహోవా, ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలవుతుంది. కీర్తన 88 ఇంకా గట్టిది, మొత్తం మొరే, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, ఆ తర్వాత ఒక్క స్తోత్రం కూడా లేదు. అయినా దాన్ని బైబిలులోంచి ఎవరూ తీసెయ్యలేదు. దేవుని మీద కోపం వస్తే దేవునికే చెప్పుకోవడం అపనమ్మకం ఎలా అవుతుంది? నమ్మనివాడు ఎవరితో పోట్లాడతాడు, ఆకాశంతోనా?

నమ్మడం అంటే ఏం చేయడం అన్నావు. హబక్కూకు చివరి మాటలు మీ నాన్నకు తెలిసే ఉంటాయి, రైతు కాబట్టి మనకంటే ఆయనకే ఎక్కువ తెలుస్తాయి. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షలు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. ఇది ఏ కాలవ కిందో కూర్చుని రాసింది కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో వాళ్ళకు ఆ జాబితాలో ఒక్క మాటకు కూడా అర్థం చెప్పక్కర్లేదు. అయితే ఒకటి గమనించు, చెట్లు మళ్ళీ పూస్తాయి కాబట్టి ఆనందిస్తాను అనలేదు అతను. అసలు ఆ పుస్తకం మొదలయ్యేదే "ఎంతకాలం మొరపెట్టాలి, నువ్వు వినవా" అన్న ఫిర్యాదుతో. ఫిర్యాదు మొదటి అధ్యాయం, ఆనందం మూడో అధ్యాయం. మన కూడికల్లో మొదటి రెండూ వదిలేసి మూడోది మాత్రం పాడిస్తాం.

యిర్మీయా 29:11 కూడా అంతే. ప్రతి సంఘ క్యాలెండరు మీదా, ఆటో వెనకా ఉండే వాక్యం, మీకు మేలే చేస్తాను, కీడు కాదు అని. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకు రాసిన ఉత్తరం. దాని పై వచనంలోనే 70 ఏండ్లు అని ఉంది. అంటే విన్నవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే పోతారు. అదే ఉత్తరంలో ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి అని ఉంది. తొందరలో వచ్చేస్తారు, మూటలు విప్పొద్దు అని చెప్పిన హనన్యా అనే ప్రవక్త కూడా అప్పుడు ఉన్నాడు, పై అధ్యాయంలో. జనానికి అతని మాటే నచ్చి ఉంటుంది. తప్పు చెప్పింది అతనే.

విశ్వాసమంటే బోరు పాయింటు చూసేవాని చేతిలో టెంకాయ కాదు బాబూ, లేచి నిలబడితే నీళ్ళున్నట్టు, పడుకుంటే లేనట్టు. రిపోర్టు బాగుంటే నమ్మకం ఉన్నట్టూ, బాగలేకపోతే లేనట్టూ కాదు.

---

ప్రొద్దుటూరు సాక్షి

ప్రైజ్ ది లార్డ్. పెద్దలంటే గౌరవం ఉంది కానీ ఇక్కడ అందరూ కలిసి విశ్వాసాన్ని నీరుగారుస్తున్నట్టు అనిపిస్తోంది. నాకు లివరు చెడిపోయి డాక్టర్లు చేతులెత్తేస్తే సంఘం మొత్తం ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది, ఈరోజు బతికి ఇది రాస్తున్నాను. యాకోబు 5లో స్పష్టంగా ఉంది, సంఘ పెద్దలను పిలవాలి, నూనె రాసి ప్రార్థన చేయాలి, విశ్వాస సహితమైన ప్రార్థన రోగిని బాగుచేస్తుంది అని. మరి అది అబద్ధమా? మందులు మానమని నేను కూడా చెప్పను, కానీ అద్భుతం జరగదు అన్నట్టు మాట్లాడితే మనకూ లోకానికీ తేడా ఏముంది? తమ్ముడూ నువ్వు ఆశ వదలొద్దు.

---

పాత సంఘం (కడప)

సాక్షి గారూ, మీరు బతికినందుకు దేవునికి స్తోత్రం, మనస్ఫూర్తిగా అంటున్నాను. అద్భుతం జరగదు అని నేను అనలేదు. యాకోబు చెప్పినట్టే పెద్దలు వెళ్ళాలి, నూనె రాయాలి, గట్టిగా అడగాలి. కానీ అక్కడ పిలవాల్సింది పెద్దలను, ప్రార్థించాల్సింది పెద్దలు. ఆ విశ్వాసం బరువు మంచం మీద ఉన్నవాని నెత్తిన వేయలేదు యాకోబు. ఫలితం రాకపోతే తప్పు రోగిది అని మనం ఎక్కడినుంచి తెచ్చాం?

పౌలు చేతి గుడ్డలు తీసుకుపోయి రోగుల మీద వేస్తే బాగయ్యారు అని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చాను అని తిమోతికి రాశాడు. తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగితే, నా కృప నీకు చాలు అని జవాబు వచ్చింది, ముల్లు అలాగే ఉంది. హెబ్రీ 11లో విశ్వాసం వల్ల కత్తి తప్పించుకున్నవాళ్ళు ఉన్నారు, మూడు వచనాల తర్వాత అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్ళూ ఉన్నారు. ఒకే పట్టికలో. మీరు మొదటి వరసలో ఉన్నారు. ఈ అబ్బాయి నాన్న ఏ వరసో మనకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడకపోవడమే మంచిది.

---

బస్సు 7

నేనైతే చర్చి మానేసి చాలా రోజులైంది. మా అక్క విషయంలో సేమ్ ఇదే. చివర్లో "దేవునికి ఆమె అవసరం వచ్చింది" అన్నారు. దేవునికి ఇద్దరు పసిపిల్లల తల్లి ఎందుకు అవసరమో ఎవరూ చెప్పలేదు. నాన్నను ఆసుపత్రికి తీసుకుపో బ్రో, మిగతావి తర్వాత.

---

నంద్యాలక్క

బస్సు తమ్ముడూ, ఆ మాట నాకూ అన్నారు, మా ఆయన పోయినప్పుడు. చెప్పినామె మంచిదే, ఏదో ఒకటి అనాలి కదా అని అనేసింది. నేను తల ఊపి లోపలికి పోయి తలుపేసుకున్నా. లాజరు చనిపోయినప్పుడు యేసు ప్రభువు ఆ మాట అనలేదు. ఇంకాసేపట్లో లేపబోతున్నానని ఆయనకు తెలుసు, తెలిసి కూడా ముందు ఏడ్చాడు. నాకు ఆ ఒక్క చిన్న వచనం సరిపోయింది చాలా కాలం. నువ్వు చర్చికి రా, రావద్దు అని నేను చెప్పను. అక్క పిల్లలు ఎలా ఉన్నారు?

చీనీతోట తమ్ముడూ, మా ఆయనకు కూడా డయాలసిసే. మీ నాన్న బతుకుతాడా లేదా అన్నది నేను చెప్పలేను. మా ఇంట్లో ప్రార్థనకు మేం అడిగిన జవాబు రాలేదు, సాక్ష్యాల టైములో లేచి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అయినా నమ్మకం ఎట్లా నిలిచింది అని అడుగుతారు కొందరు. దానికి ఒక పెద్ద కారణం లేదు. చెప్తే మామూలుగా ఉంటుంది.

డయాలసిస్ రోజు మనిషి ఇంటికి వచ్చేసరికి పిండేసినట్టు అయిపోతాడు, వాంతులు, తిమ్మిర్లు, మాట్లాడే ఓపిక ఉండదు. ఆ రోజుల్లో మా పాస్టరమ్మ సాయంత్రం వచ్చేది. వచ్చి ప్రార్థన చేసేది కాదు మొదట, చీర కొంగు దోపుకుని అంట్లు తోమేది. నేను వద్దమ్మా అంటే "నువ్వు ఆయన దగ్గర కూచో పో" అనేది. కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలి అని ఆసుపత్రిలో చెప్పినది నాకంటే ముందు ఆమే నేర్చుకుంది. పోయేముందు రెండు నిమిషాలు ప్రార్థన. "ప్రభువా, ఈ రాత్రి నిద్ర పట్టనీ" అనేది, అంతే, కిడ్నీలు బాగుచెయ్యి అని కూడా ఒక్కోసారి మర్చిపోయేది. ఆ రాత్రి నిద్ర పట్టేది చాలాసార్లు. సంఘంలో ఇంకొకాయన ఆటో నడుపుతాడు, మా దగ్గర బాడుగ తీసుకోలేదు ఎప్పుడూ, అడిగితే డీజిలు పోయించమనేవాడు, పోయిస్తే సగానికే ఆపేవాడు.

నేను దేవుణ్ణి నమ్మలేని రోజులు ఉన్నాయి, ఆరోజుల్లో వాళ్ళు నమ్మి వచ్చి పని చేసిపోయేవాళ్ళు. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించారు కదా, యేసు ప్రభువు వాళ్ళ విశ్వాసం చూశాడు అని ఉంది అక్కడ. మంచం మీద ఉన్నవాడు ఏం నమ్మాడో రాయలేదు.

కాబట్టి నాన్నకు ఏదో పెద్ద విశ్వాసం తెచ్చి పెట్టాలని టెన్షన్ పడొద్దు. ఏలీయా అంతటివాడు బదరీ చెట్టు కింద పడుకుని, చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి తిట్టలేదు, వాక్యం చెప్పలేదు, లేచి తిను అన్నాడు, రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. నాన్న చావు మాట ఎత్తితే నువ్వూ అలాగే చెయ్యి. తిట్టొద్దు, "అట్లా అనకూడదు నాన్నా" అని నోరు మూయించొద్దు. సిస్టర్ చెప్పినట్టు అడుగు, విను, పక్కన పడుకో.

అమ్మను కూడా చూసుకో తమ్ముడూ. అందరూ పేషెంటును అడుగుతారు, ఆమె తిన్నదా అని అడిగేవాళ్ళు ఉండరు.

---

పాత సంఘం (కడప)

నంద్యాలక్క రాసిన తర్వాత నేను రాయాల్సింది పెద్దగా లేదు. ఒక్క సంగతి మాత్రం, అబ్బాయి "పదోవంతు ఇచ్చినాడు, అలాంటి ఆయనకు ఇదా" అన్నాడు కాబట్టి.

లండన్ మిషన్ వాళ్ళు, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు, కడపకు వచ్చింది 1822లో. తర్వాత గుత్తి, జమ్మలమడుగు. 1876-78లో మన జిల్లాలన్నీ ఎండిపోయినాయి, పెద్దలు ధాత కరువు అనేవాళ్ళు. మన సీమలో చాలా కుటుంబాలు సంఘంలోకి వచ్చింది ఆ కరువులోనో, ఆ తర్వాతి ఏండ్లలోనో. గంజి కోసం చేరారు అని వెక్కిరించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సరే, గంజి కోసమే అనుకుందాం. గంజి తొట్లు ఎత్తేశాక ఎందుకు ఉండిపోయారు? మళ్ళీ కరువులు వచ్చాయి, కలరా వచ్చింది, గాలివాన ఎప్పుడూ అందరి చేను మీదా ఒకలాగే పడింది. ఇస్తే తిరిగి వస్తుంది అనే లెక్క మీద వాళ్ళు నిలబడి ఉంటే మొదటి కరువుకే మానేసేవాళ్ళు. నువ్వూ నేనూ పుట్టేవరకు ఆ సంఘాలు ఉండేవి కావు.

మీ నాన్న మొదటి కోత గుడికి ఇచ్చింది బేరం కాదని నా నమ్మకం. ఆయన్నే అడిగి చూడు ఎందుకిచ్చాడో.

---

చీనీతోట (తాడిపత్రి వైపు)

అందరికీ చాలా థ్యాంక్స్. అన్నీ చదివినా, కొన్ని నాన్నకు చదివి వినిపించినా. హిజ్కియా కథ విని, అంజూరపు ముద్ద పెట్టమన్నది యెషయానేనా, నిజంగానా అని రెండుసార్లు అడిగి బైబిలు తనే తీసి చూసుకున్నాడు, అద్దాలు పెట్టుకుని వేలితో గీసుకుంటా. మంగళవారం డయాలసిస్‌కు వచ్చినాడు. పోయిన వారం మానలేదు, మీరు భయపడొద్దు, మానాలని అనుకున్నాడంతే.

సిస్టర్ అక్కా, సూటిగా అడిగినా. "అప్పుడప్పుడు వస్తాది" అన్నాడు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అప్పుల సంగతి మొత్తం చెప్పినాడు, ఎవరికెంత అని, ఇన్నాళ్ళూ సగమే చెప్పినాడంట. మందు డబ్బాలు చిన్నాయన ఇంటికి పంపించేసినా. 14416కి నేనే చేసి ఇచ్చినా, మొదట మొహమాటపడి తర్వాత బాగానే మాట్లాడినాడు.

పదోవంతు గురించి కూడా అడిగినా పెద్దయ్యా. "కాసింది కాబట్టి ఇచ్చినా, ఇంకేం కావాల" అన్నాడు. అమ్మ మాత్రం ఇంకా తేరుకోలేదు.

పాస్టరయ్య తిరిగి వచ్చినాడు, ఆయనకు జరిగింది తెలీదు. ఆ ప్రసంగీకునికి ఫోన్ చేసి అడిగేద్దామని ఉంది నాకు, నంబరు కూడా దొరికింది. చెయ్యనా?

---

నంద్యాలక్క

చెయ్యొద్దు. నువ్వు కోపంలో ఉన్నావు, ఆయన ఇంకో నాలుగు వాక్యాలు చెప్తాడు, గొడవవుతుంది. మీ పాస్టరయ్యతో చెప్పు, అమ్మ ఎన్ని రోజులుగా ఏడుస్తోందో అది కూడా చెప్పు. ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడమను, ఆయన నోటితో వింటేనే ఆమె నమ్ముతుంది. ఇంకోసారి బయటివాళ్ళను పిలిచేటప్పుడు ఎవరిని పిలుస్తున్నామో చూసుకోవడం సంఘ పెద్దల పని.

---

కర్నూలు సిస్టర్

అక్క చెప్పిందే నా మాట కూడా. పింఛను కాగితానికి ఆసుపత్రిలో ఏమన్నా ఇబ్బంది పెడితే ఇక్కడే రాయి, ఏ కాగితాలు అడుగుతారో చెప్తాను. గురువారం బరువు ఎంత చూపించిందో కూడా చెప్పు, రెండు డయాలసిస్‌ల మధ్య ఎక్కువ పెరుగుతోందంటే నీళ్ళ దగ్గరే తేడా వస్తోందన్నమాట.